11 ఏళ్ల బాబుకి ఎడమవైపు ఛాతీలో సూదిపోటు: ఎకో తీయించాలా?

అడిగిన తల్లి రాసింది క్లుప్తంగా ఇది: "మా బాబుకి 11 ఏళ్లు. కొన్ని వారాలుగా అప్పుడప్పుడూ ఎడమవైపు ఛాతీలో సూదితో గుచ్చినట్టుందంటున్నాడు. హోంవర్క్ చేస్తూనో, టీవీ చూస్తూనో ఉన్నప్పుడు వస్తుంది. ఒక నిమిషం బిగుసుకుపోయి కూర్చుంటాడు, తర్వాత మామూలే. మా మామగారికి పోయినేడు 58వ ఏట గుండెపోటు వచ్చింది. భయమేసి ల్యాబ్‌లో ఈసీజీ తీయిస్తే కాగితం మీద 'అబ్నార్మల్' అని వచ్చింది. ఎకో, టీఎంటీ కూడా తీయించమంటున్నారు. స్కూల్లో ఆటలు మాన్పించాం. ఏం చేయమంటారు?"

ముందు సూటిగా జవాబు చెప్తాను. మీరు రాసినదాన్ని బట్టి ఇది గుండె జబ్బు నొప్పిలా లేదు. అయినా పిల్లల డాక్టర్ ఒకసారి బాబును కూర్చోబెట్టి, చేత్తో తడిమి, స్టెతస్కోప్ పెట్టి చూడాలి. ఆ పరీక్షలో తేడా ఏమీ లేకపోతే, నేను కింద రాసే ప్రమాద సూచనల్లో ఒక్కటీ లేకపోతే, ఎకో (గుండె స్కాన్) గానీ టీఎంటీ (ట్రెడ్‌మిల్ మీద నడిపిస్తూ తీసే ఈసీజీ) గానీ అవసరం లేదు.

కదలకుండా కూర్చున్నప్పుడు, అందులోనూ ముందుకు వంగి కూర్చున్నప్పుడు, ఉన్నట్టుండి ఎడమవైపు ఒకే చోట పోటు రావడం, గట్టిగా ఊపిరి పీలిస్తే ఇంకా గుచ్చుకోవడం, అందుకని పిల్లాడు బిగుసుకుపోయి చిన్నచిన్నగా ఊపిరి తీసుకోవడం, అర నిమిషం నుంచి మూడు నిమిషాల్లో ఎలా వచ్చిందో అలాగే పోవడం: దీన్ని ప్రీకార్డియల్ క్యాచ్ అంటారు. 1955లోనే మిల్లర్, టెక్సిడార్ అనే డాక్టర్లు దీన్ని వివరించారు. 6 నుంచి 12 ఏళ్ల పిల్లల్లో ఎక్కువగా చూస్తాం. ఛాతీ గోడలో నరం ఏదో ఒక క్షణం ఒత్తుకోవడం వల్ల వస్తుందని అనుకుంటారు. గుండెకీ దీనికీ సంబంధం లేదు. దీనికి మందు లేదు, అక్కర్లేదు కూడా. నిటారుగా కూర్చుని, కాస్త ఓర్చుకుని ఒక్కసారి నిండుగా ఊపిరి పీలిస్తే చాలామంది పిల్లలకి టక్కున వదిలేస్తుంది. వయసు పెరిగేకొద్దీ దానంతట అదే తగ్గిపోతుంది.

పెద్దవాళ్లలో ఛాతీ నొప్పి అనగానే గుండెపోటు గుర్తుకు రావడానికి కారణం ఉంది. రక్తనాళాల్లో కొవ్వు దశాబ్దాల తరబడి పేరుకుని అడ్డుపడుతుంది. 11 ఏళ్ల పిల్లల్లో ఆ పరిస్థితి దాదాపు ఉండదు. ఛాతీ నొప్పితో వచ్చే పిల్లల్లో గుండె జబ్బు బయటపడేది నూటికి ఐదుగురి లోపే, చాలాచోట్ల ఒకరిద్దరిలోనే. మిగతా అందరిలో అది ఛాతీ కండరాలు, పక్కటెముకలు, ఊపిరితిత్తులు, అన్నవాహిక, లేదంటే మనసులోని టెన్షన్. మా పనంతా ఆ ఒకరిద్దరిని వదిలేయకుండా పట్టుకోవడం, మిగతావాళ్లని అనవసరంగా భయపెట్టకుండా పంపించడం. అందుకు మిషన్ల కంటే ముందు పనికొచ్చేది పిల్లాడు చెప్పే మాట.

మాట అంటే బాబు మాట. మా ఓపీలో తరచూ జరిగేది ఏమిటంటే, నేను పిల్లాడిని అడిగితే అమ్మ చెప్తుంది, అమ్మ చెప్తుంటే నాన్న సరిదిద్దుతాడు, పిల్లాడు ఇద్దరి ముఖాలూ చూస్తుంటాడు. నేను కాసేపు పెద్దవాళ్లని ఆగమని, "ఎక్కడ నాన్నా, ఒక్క వేలితో చూపించు" అంటాను. వేలు పెట్టి ఫలానా చోటే అని చూపించే నొప్పి ఎక్కువగా ఛాతీ గోడది. అరచేయి మొత్తం ఛాతీ మీద పెట్టి బిగుసుకుంటోంది, బరువుగా ఉంది అనే నొప్పి గురించి ఇంకొంచెం ఆలోచిస్తాను. తర్వాత అడిగేది, నొప్పి వచ్చినప్పుడు ఏం చేస్తున్నావని. నాకు అన్నిటికంటే విలువైన ప్రశ్న ఇదే. పరుగెత్తేటప్పుడు, కబడ్డీ ఆడేటప్పుడు, మెట్లెక్కేటప్పుడు మధ్యలో వచ్చి, ఆగితే తగ్గే నొప్పి అయితే నేను ఆ పిల్లాడిని గుండె పరీక్షలు పూర్తికాకుండా ఇంటికి పంపను. కూర్చున్నప్పుడు వచ్చి, ఆటలో ఎప్పుడూ రాని నొప్పి అయితే సగం ధైర్యం అక్కడే వచ్చేస్తుంది.

ఆ తర్వాత చేతి పని. రొమ్ము ఎముకకి రెండు వైపులా పక్కటెముకలు వచ్చి కలిసే చోట మృదులాస్థి ఉంటుంది. అక్కడ పైనుంచి కిందికి ఒక్కో కీలు మీదా వేలితో కాస్త గట్టిగా నొక్కుకుంటూ వస్తాను. ఒక చోట పిల్లాడి ముఖం ముడుచుకుంటుంది. "ఇదేనా ఇంట్లో వచ్చే నొప్పి?" అంటే "ఇదే, ఇదే" అంటాడు. నొక్కితే నొప్పి ఉందా అన్నది ఒక్కటే చాలదు, అదే నొప్పి తిరిగి రావాలి. అలా వస్తే అది కాస్టోకాండ్రైటిస్, అంటే ఆ కీళ్ల దగ్గర వాపు లాంటి బాధ. కొత్తగా బౌలింగ్ ప్రాక్టీస్ మొదలుపెట్టినవాళ్లలో, దండాలు తీసినవాళ్లలో, వారం రోజులు గట్టిగా దగ్గినవాళ్లలో, ఒకే భుజానికి బరువైన స్కూల్ బ్యాగ్ తగిలించుకునేవాళ్లలో ఛాతీ గోడ నొప్పులు మామూలే. కొన్ని వారాలు, ఒక్కోసారి నెలలు వచ్చిపోతూ ఉంటుంది. వేడి కాపడం, కొన్నాళ్లు ఆ పనికి విరామం, డాక్టర్ బరువు చూసి రాస్తే తిన్నాక ఐబుప్రొఫెన్, అంతే. ఈ నొప్పులతో పాటు కింది పక్కటెముకల దగ్గర టక్‌మని కదిలిన శబ్దంతో నొప్పి వచ్చేవాళ్లు కొందరు ఉంటారు, అది వేరే సంగతి. పిల్లల డాక్టర్ ఎముక కింద వేళ్లు పెట్టి లాగి చూసి చెప్పగలరు. 10 నుంచి 14 ఏళ్ల మధ్య ఆడపిల్లల్లోనూ మగపిల్లల్లోనూ చనుమొన కింద చిన్న గడ్డలా వచ్చి నొప్పి పుట్టడం ఎదుగుదలలో భాగం. పిల్లలు సిగ్గుతో దాన్ని ఛాతీ నొప్పి అని మాత్రమే చెప్పి ఊరుకుంటారు. చొక్కా తీసి చూడనిదే తెలియదు.

ఇక గుండెని అనుమానించాల్సిన సందర్భాలు. వీటిని కంఠస్థం చేసినట్టు గుర్తుపెట్టుకోమని ప్రతి తల్లిదండ్రులనీ, ప్రతి పీఈటీ మాస్టర్‌నీ వేడుకుంటున్నాను. ఆడుతూ ఉండగా నొప్పి రావడం. ఆడుతూ ఉండగా స్పృహ తప్పడం. ఉన్నట్టుండి గుండె లెక్కపెట్టలేనంత వేగంగా కొట్టుకుని, ఉన్నట్టుండి మళ్లీ మామూలైపోవడం (చిన్న పిల్లలు దీన్ని కూడా నొప్పి అనే చెప్తారు). పుట్టుకతో గుండె జబ్బు ఉండటం లేదా గుండె ఆపరేషన్ అయి ఉండటం. చిన్నప్పుడు కవాసాకి జబ్బు (జ్వరంతో వచ్చి గుండె రక్తనాళాలని దెబ్బతీయగల జబ్బు) వచ్చి ఉండటం. ఇంట్లో ఎవరైనా 50 ఏళ్లలోపు కారణం తెలియకుండా హఠాత్తుగా చనిపోయి ఉండటం, ఈత వచ్చినవాళ్లు నీళ్లలో అంతుచిక్కకుండా చనిపోవడం కూడా ఇందులోకే వస్తుంది. గుండె కండరం మందంగా ఉందని ఎవరికైనా చెప్పి ఉండటం.

స్పృహ తప్పడం గురించి ఒక్క మాట విడిగా చెప్పాలి. బడిలో ప్రార్థన సమయంలో ఎండలో నిలబడి, పొద్దున టిఫిన్ తినక, కళ్లు బైర్లు కమ్మి నెమ్మదిగా కూలబడే పిల్లలు చాలామంది ఉంటారు. అది ఎక్కువగా ప్రమాదం లేనిదే. పరుగు పందెం మధ్యలో, ముందు ఏ సూచనా లేకుండా, కొట్టేసినట్టు పడిపోయిన పిల్లని కూడా "ఎండకి పడిపోయింది" అని గ్లూకోజ్ నీళ్లు తాగించి ఇంటికి పంపేస్తారు. ఆ పిల్లకి గుండె కండరం మందంగా ఉండే హైపర్‌ట్రోఫిక్ కార్డియోమయోపతి ఉండొచ్చు, గుండెకి రక్తం తెచ్చే నాళం ఉండాల్సిన చోట కాక వేరే చోట పుట్టి ఉండొచ్చు, విద్యుత్ లోపం ఉండొచ్చు. రక్తనాళం తేడాగా పుట్టిన పిల్లల్లో మామూలుగా పడుకోబెట్టి తీసిన ఈసీజీ పూర్తిగా నార్మల్‌గా ఉండొచ్చు. అందుకే ఆటలో పడిపోయిన పిల్ల చేతిలో నార్మల్ ఈసీజీ ఉన్నా నేను ఒప్పుకోను, పిల్లల గుండె నిపుణులు ఎకో చేసి, రక్తనాళాలు ఎక్కడ మొదలవుతున్నాయో చూసి, అవసరమైతే సీటీ తీసేదాకా ఆటలు ఆపమంటాను.

మీ మామగారి గుండెపోటు గురించి అడిగారు. 58 ఏళ్ల వయసులో వచ్చిన గుండెపోటు బాబు ఇప్పటి నొప్పికి కారణం కాదు. మేనరికాలు ఎక్కువగా ఉన్న మన కుటుంబాల్లో నేను అడిగేవి వేరే ఉన్నాయి. తల్లి వైపు, తండ్రి వైపు రెండు వైపులా కొలెస్ట్రాల్ బాగా ఎక్కువగా ఉన్న కుటుంబమైతే, పిల్లాడి మోచేతుల మీద, మోకాళ్ల మీద, మడమ వెనక నరం మీద పసుపురంగు గడ్డలున్నాయేమో చూస్తాను. రెండు వైపుల నుంచీ ఆ లోపం వచ్చిన పిల్లల్లో గుండె రక్తనాళాలు చిన్న వయసులోనే మూసుకుపోతాయి. చాలా అరుదు, కానీ మోచేయి చూడటానికి ఖర్చేం లేదు. అలాగే పుట్టుకతో చెవుడు ఉన్న పిల్ల ఎప్పుడైనా స్పృహ తప్పితే ఫిట్స్ అని మందులు మొదలుపెట్టే ముందు ఈసీజీ తప్పకుండా తీయాలి. లాంగ్ క్యూటీ అనే గుండె విద్యుత్ లోపంలో ఒక రకం ఈ రెండూ కలిసి వచ్చేలా చేస్తుంది.

ఇప్పుడు మీ చేతిలోని ఈసీజీ కాగితం. పైన ఇంగ్లీషులో 'అబ్నార్మల్' అని రాసింది డాక్టర్ కాదు, మిషన్. ల్యాబుల్లో ఉండే చాలా మిషన్లు పెద్దవాళ్ల కొలతలతో లెక్కకడతాయి, లేదా టెక్నీషియన్ వయసు నమోదు చేయడు. పిల్లల్లో వీ1 నుంచి వీ3 వరకు (ఛాతీ మీద పెట్టే మొదటి మూడు తీగల గీతల్లో) టీ తరంగం కిందికి తిరిగి ఉండటం సహజం. పెద్దవాళ్లలో అదే గీత కనిపిస్తే గుండెకి రక్తం చాలడం లేదేమో అనుకోవాలి, మిషన్ కూడా అదే రాస్తుంది. ఊపిరి పీల్చినప్పుడు గుండె వేగం పెరిగి, వదిలినప్పుడు తగ్గడం పిల్లల్లో ఆరోగ్యానికి గుర్తు, దాన్ని కూడా 'ఇర్రెగ్యులర్' అని రాసేస్తుంది. ఆ కాగితాన్ని పిల్లల ఈసీజీలు చదివే అలవాటున్న డాక్టర్‌కి చూపించండి, పై వరుసలో అచ్చయిన మాటలు చూసి నిద్ర పాడుచేసుకోకండి. రేపు ఎవరైనా ఎకో చేసినా అందులో 'ట్రివియల్ టీఆర్' అని రావొచ్చు. కుడివైపు కవాటం దగ్గర చుక్కంత రక్తం వెనక్కి రావడం ఆరోగ్యవంతులైన పిల్లల్లోనూ కనబడేదే. ఆ రెండు మాటలు పట్టుకుని పిల్లాడిని ఏళ్ల తరబడి గుండె రోగిలా పెంచిన ఇళ్లు నేను చూశాను, చాలా బాధనిపిస్తుంది.

ఏఎస్ఓ అనే రక్త పరీక్ష కూడా ఇలాంటిదే. ఛాతీ నొప్పి, కాళ్ల నొప్పులు అనగానే ఏఎస్ఓ రాస్తారు, ఎక్కువగా వస్తుంది, 21 రోజులకోసారి పెన్సిలిన్ ఇంజెక్షన్ మొదలవుతుంది. గతంలో ఎప్పుడో గొంతులో స్ట్రెప్టోకాకస్ బ్యాక్టీరియా సోకిందని మాత్రమే ఆ అంకె చెప్తుంది. కీళ్ల వాపు, గుండెలో కొత్త శబ్దం, జ్వరం లాంటి గుర్తులు లేకుండా ఆ అంకె ఒక్కటే రుమాటిక్ జ్వరం (ఆ గొంతు ఇన్ఫెక్షన్ తర్వాత కీళ్లనీ గుండెనీ దెబ్బతీసే జబ్బు) కాదు. నిజంగా రుమాటిక్ గుండె జబ్బు ఉన్న పిల్లలకి మాత్రం ఆ ఇంజెక్షన్ ప్రాణాధారం, ఒక్కటి కూడా మానకూడదు. మీ బాబుకి దీనితో పనిలేదు.

జ్వరంతో కలిసి వచ్చిన ఛాతీ నొప్పి అయితే నా జవాబు మొత్తం మారిపోతుంది. జ్వరం, దగ్గు, వేగంగా ఊపిరి, ఊపిరి పీలిస్తే ఒక వైపు నొప్పి ఉంటే న్యుమోనియా అనుకోవాలి, ఎక్స్‌రే కావాలి. రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం ఉంటే టీబీ పరీక్షలు. వానాకాలంలో డెంగీ జ్వరం తగ్గుతున్న రోజుల్లో ఛాతీ బరువు, ఆయాసం వస్తే ఊపిరితిత్తుల చుట్టూ నీరు చేరుతోందేమో చూడాలి. ఆ సీజన్‌లో జ్వరం ఉన్న పిల్లాడికి నొప్పి అని ఐబుప్రొఫెన్ ఇవ్వకండి, పారాసిటమాల్ ఒక్కటే. ఆదిలాబాద్, పాడేరు లాంటి ఏజెన్సీ ప్రాంతాల వాళ్లు, సికిల్ సెల్ (వంశపారంపర్యంగా వచ్చే రక్త జబ్బు) ఉన్న పిల్లాడికి జ్వరం, ఛాతీ నొప్పి కలిసి వస్తే అదే రోజు ఆసుపత్రిలో చేర్చాలి. ఊపిరితిత్తుల్లో రక్తనాళాలు మూసుకుపోయి గంటల్లో పరిస్థితి దిగజారొచ్చు.

నేను భయపడే జబ్బు మయోకార్డైటిస్. వైరల్ జ్వరం వచ్చిన వారం పది రోజుల్లో గుండె కండరం వాస్తుంది. దీన్ని పట్టుకోవడం కష్టం, ఎందుకంటే పిల్లాడు చాలాసార్లు ఛాతీ నొప్పి అనడు. వాంతులు, కడుపునొప్పి, నీరసం అంటాడు. గ్యాస్ అని, ఫుడ్ పాయిజన్ అని మందులిస్తారు. నేను చూసేది నాడి. జ్వరం దిగిపోయింది, పిల్లాడు పడుకుని ఉన్నాడు, అయినా నాడి 140, 150 కొడుతుంటే, చేతులు కాళ్లు చల్లగా ఉంటే, కాలేయం చేతికి తగులుతుంటే సెలైన్ ఎక్కించే ముందు గుండె గురించి ఆలోచించాలి. ఇక్కడ ఈసీజీ, ట్రోపోనిన్ (గుండె కండరం దెబ్బతిందేమో చెప్పే రక్త పరీక్ష), ఎకో అన్నీ కావాలి, ఐసీయూ ఉన్న చోట. పడుకుంటే పెరిగి, ముందుకు వంగి కూర్చుంటే తగ్గే నొప్పి అయితే గుండె చుట్టూ ఉండే పొర వాచిందేమో చూస్తాం.

మాట్లాడలేని పసిపిల్లలు ఛాతీ నొప్పి ఎలా చెప్తారు? పాలు తాగుతూ తాగుతూ మధ్యలో వదిలేసి, పాలిపోయి, నుదుటి నిండా చెమట పట్టి, గుక్కపట్టి ఏడుస్తుంటే కడుపునొప్పి అని గ్రైప్ వాటర్ పోయకుండా డాక్టర్‌కి చూపించాలి. కాస్త పెద్ద పిల్లాడు ఉన్నట్టుండి చొల్లు కారుస్తూ, మింగలేక ఛాతీ పట్టుకుంటే నాణెం గానీ, రిమోట్‌లోనో బొమ్మలోనో ఉండే బిళ్ల బ్యాటరీ గానీ మింగాడేమో అనుకోవాలి. బ్యాటరీ అయితే రెండు గంటల్లోనే అన్నవాహికని కాల్చేస్తుంది. రేపు పొద్దున చూద్దాం అనుకోవద్దు.

ఆస్తమా గురించి తల్లిదండ్రులు ఊహించరు. పిల్లికూతలు లేకపోయినా ఆడిన ఐదు, పది నిమిషాలకి ఛాతీ బిగుసుకుపోయి దగ్గు వస్తుంటే, రాత్రిళ్లు, చలికాలం ఎక్కువైతే అది ఆస్తమా కావొచ్చు. ఊది చూసే స్పైరోమెట్రీతో తేల్చవచ్చు, ఇన్‌హేలర్‌తో ఆ పిల్లాడు అందరితో సమానంగా ఆడగలడు. రాత్రి పదింటికి తిని వెంటనే పడుకుంటే రొమ్ము ఎముక వెనక మంట, పుల్లటి తేన్పులు వస్తాయి. అది ఆమ్లం పైకి తన్నడం. సన్నగా పొడుగ్గా ఉన్న టీనేజ్ అబ్బాయికి హఠాత్తుగా ఒక పక్క నొప్పి, ఆయాసం వస్తే ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరిందేమో అని వెంటనే ఎక్స్‌రే తీయాలి.

మనసు సంగతి చివర్లో అడిగే అలవాటు నాకు లేదు, మొదటి రోజే అడుగుతాను. తాతగారికి గుండెపోటు వచ్చినప్పుడు బాబు ఇంట్లోనే ఉన్నాడా? అప్పటి హడావుడి చూశాడా? జిమ్‌లో, పెళ్లిలో కుప్పకూలిన కుర్రాళ్ల వీడియోలు ఫోన్‌లో చూస్తున్నాడా? పిల్లలు ఇవన్నీ మోస్తారు, పైకి చెప్పరు. హాస్టల్‌లో చేరిన కొత్తలో, పరీక్షల ముందు ఛాతీ పట్టేసినట్టుండి, వేళ్లు, పెదాలు తిమ్మిరెక్కితే అది ఎక్కువ ఊపిరి తీసుకోవడం వల్ల. ఆ నొప్పి కూడా నిజమైన నొప్పే. "నాటకాలాడుతున్నాడు" అన్న మాట ఇంట్లో ఎవరి నోటి నుంచీ రాకూడదు.

ఇంట్లో మామగారి మందులున్నాయి కాబట్టి చెప్తున్నాను. నొప్పి అనగానే ఆయన సార్బిట్రేట్ బిళ్ల బాబు నాలుక కింద పెట్టొద్దు, బీపీ పడిపోతుంది. ఎకోస్ప్రిన్ అసలే వద్దు, అది ఆస్పిరినే; వైరల్ జ్వరం, ఆటలమ్మ సమయంలో ఆస్పిరిన్ పిల్లల మెదడునీ కాలేయాన్నీ దెబ్బతీసే రై సిండ్రోమ్ తేవొచ్చు. ఎప్పుడైనా, ఎవరి పిల్లైనా సరే, కళ్లెదుట పడిపోయి పలకకపోతే, ఊపిరి సరిగ్గా లేకపోతే, చేతిలో తాళం చెవులు పెడుతూ, ముఖాన నీళ్లు కొడుతూ సమయం పోగొట్టకండి. ఒకరు 108కి ఫోన్ చేయాలి, ఇంకొకరు ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు గట్టిగా నొక్కుతూ ఉండాలి.

డాక్టర్ దగ్గరికి వెళ్లేలోపు ఒక పని చేయండి. ఈసారి నొప్పి వచ్చినప్పుడు ఫోన్‌లో వీడియో తీయండి, తీస్తూనే నాడి లెక్కపెట్టండి, ఎంతసేపుందో గడియారం చూసి రాసుకోండి, అప్పుడు ఏం చేస్తున్నాడో రాసుకోండి. నాకు పది రిపోర్టుల కంటే ఆ వీడియో ఎక్కువ చెప్తుంది. మీరు రాయని మూడు సంగతులు కూడా డాక్టర్‌కి చెప్పాలి: ఆటలు మాన్పించకముందు పరుగెత్తేటప్పుడు ఎప్పుడైనా నొప్పి వచ్చిందా, ఎప్పుడైనా స్పృహ తప్పిందా, మీ రెండు కుటుంబాల్లో చిన్న వయసులో హఠాన్మరణాలు ఉన్నాయా. ఖర్చు ఇబ్బంది ఉన్నవాళ్ల కోసం: ప్రభుత్వ బడుల్లో, అంగన్‌వాడీల్లో రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు 18 ఏళ్ల వరకు పిల్లల్ని ఉచితంగా చూసి పై ఆసుపత్రికి పంపుతాయి. గుండె ఆపరేషన్ అవసరమని తేలితే తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ కింద చేయించుకోవచ్చు.

ఆ మూడు ప్రశ్నలకీ జవాబు 'లేదు' అయి, స్టెతస్కోప్‌తో గుండె చప్పుడు మామూలుగా ఉంటే, మరుసటి రోజు నుంచే బాబుని గ్రౌండ్‌కి పంపండి. క్లాస్ టీచర్‌కీ, పీఈటీ మాస్టర్‌కీ ఆడొచ్చని డాక్టర్ చేత చీటీ రాయించి ఇవ్వండి, లేకపోతే వాళ్లు భయపడి కూర్చోబెడతారు. నొప్పి ఇంకా కొన్నాళ్లు అప్పుడప్పుడూ వస్తుందని బాబుకి ముందే చెప్పండి. ఒకవేళ ఎప్పుడైనా అది ఆటలో వచ్చిందంటే మాత్రం, ఎంత చిన్న నొప్పైనా సరే, ఆ రోజే మళ్లీ చూపించండి.